ఆగిందని ఎవరు చెప్పాలి

ఆదివారం పొద్దున నాకు ఫోన్ చేసేవాళ్లు రెండే రకాలు. చర్చికి వస్తున్నావా లేదా అని అడిగేవాళ్లు, ఆస్పత్రివాళ్లు. మొదటివాళ్లకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆస్పత్రివాళ్ల దగ్గర ఆ పప్పులు ఉడకవు, ఎందుకంటే వాళ్ల కంప్యూటర్లు చూసేది నేనొక్కదాన్నే.

ఆ ఆదివారం నేను బోధన్‌లో మా ఇంట్లో ఉన్నాను. వారమంతా నిజామాబాద్‌లో అద్దెగదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం నా అలవాటు. మా అవ్వ, అంటే అమ్మ, తెల్లచీర కట్టుకుని, బైబిల్ చేతిసంచీలో పెట్టుకుని, గడప దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూస్తోంది. మా నాన్న, బాపు, బయట అరుగు మీద ఎవరిదో టేబుల్ ఫ్యాన్ విప్పి ముందు పరుచుకున్నాడు. ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు మనవలను ఎత్తుకుంటారంటారు, మా బాపు వాడకట్టులోని ఫ్యాన్లన్నీ ఎత్తుకున్నాడు. నేను జడ వేసుకుంటుండగా ఫోన్ మోగింది. మా ఆస్పత్రి మేనేజర్.

"మేడం, ఫొటోలు వస్తలేవు," అన్నాడు.

ఆయనకు స్కానింగ్‌లో తీసేవన్నీ ఫొటోలే. ఏ ఫొటోలని అడిగాను.

"అన్ని. ఒక్కటి గూడ తెరుసుకుంటలేదు. నిన్న మన బోధన్ సెంటర్ల ఒకామెకు తలకాయ స్కాన్ తీసిండ్రు సూడుండ్రి, గది గావాలె. హైదరాబాద్ డాక్టర్ వచ్చి కూసున్నడు. ఆమెను ఆపరేషన్‌కు తయారు జేసి లోపటికి తీస్కపోయిండ్రు. జర జల్దీ."

జడ సగంలోనే వదిలేసి ల్యాప్‌టాప్ తెరిచాను. అవ్వ అది చూసింది. ఒక్క మాటా అనకుండా సంచీ భుజానికి తగిలించుకుని ఒక్కతే బయల్దేరింది. ఆ మౌనానికి మధ్యాహ్నం అన్నం దగ్గర బదులు చెప్పుకోవాల్సి ఉంటుందని నాకు తెలుసు.

పేషెంట్ సంగతి మేనేజర్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆమెది బోధన్ పక్కన కాలువ కింది క్యాంపు ఊరు, ఎప్పుడో ఆంధ్ర నుంచి సేద్యానికి వచ్చి స్థిరపడినవాళ్లది. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి కొంచెం చిట్లింది. మొదటిసారి కాబట్టి తలనొప్పితో, వాంతులతో బయటపడింది. రెండోసారి చిట్లితే మనిషి దక్కడం కష్టమని డాక్టర్లు ఇంట్లోవాళ్లకు చెప్పేశారు. ఆ రెండోసారి ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఈ పని చేయగల డాక్టర్ మా ఆస్పత్రికి ఆదివారాలు మాత్రమే వస్తాడు. బుడగ ఎటు తిరిగి ఉందో, దాని మొదలు ఎక్కడుందో తెర మీద అన్ని వైపులా తిప్పి చూస్తే తప్ప కత్తి పట్టనన్నాడు. ఫిల్మ్ మీద అచ్చువేసిన బొమ్మలు చాలవట. మళ్లీ స్కాన్ తీద్దామంటే నరాల్లోకి మందు ఎక్కించాలి. ఆమె కిడ్నీలు అసలే బలహీనం, నిన్న ఎక్కించిందే భయపడుతూ. బోధన్‌లోని మా ఆస్పత్రి స్కానింగ్ సెంటర్ మెషీన్‌లో చోటు తక్కువ, బొమ్మలు మాకు పంపగానే తనలోవి తుడిచేసుకుంటుంది. అంటే ఆమె తల లోపలి బొమ్మ ఈ లోకంలో ఒకే ఒక్కచోట ఉంది. అది మా డిస్కుల్లో.

మా ఏర్పాటు గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఆ పొద్దున నేనెందుకు అంత మొండికేశానో అర్థం కాదు. నిజామాబాద్‌లో మా ఆస్పత్రికి రోడ్డుకు ఇటొకటి అటొకటి రెండు భవనాలున్నాయి, ఆపరేషన్లు కొత్తదాంట్లోనే. పాతదాంట్లో ఒక సర్వర్, కొత్తదాంట్లో ఒక సర్వర్. ఫైళ్లన్నీ ఉండే డిస్కుల పెట్టె మాత్రం ఒక్కటే, అది కొత్త భవనంలో ఉంది. రెండు సర్వర్ల నుంచీ దానికి దారి ఉంది. పని చేసేది ఎప్పుడూ ఒక్కటే, మామూలుగా పాతది. అది పడిపోతే రెండోది అందుకుంటుంది. ఒక భవనంలో ఏం జరిగినా డాక్టర్లకు, రోగులకు తేడా తెలియకూడదన్నది ఉద్దేశం. అందుకోసం ఆ రెండూ క్షణక్షణం ఉన్నావా అంటే ఉన్నానని ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి.

చిక్కంతా ఆ పలకరింపు ఆగినప్పుడే. అవతలిది చచ్చిపోయిందా, లేక బతికే ఉండి మాట మాత్రం వినబడటం లేదా? ఇవతలి దానికి రెండూ ఒకేలా కనబడతాయి. చచ్చిపోయిందనుకుని ఇది డిస్కును తెరిచి రాయడం మొదలుపెట్టిందనుకోండి, అది నిజానికి బతికే ఉందనుకోండి, ఇద్దరూ ఒకే డిస్కు మీద రాస్తారు. ఒకరు వేసిన సంగతి ఒకరికి తెలియక ఇద్దరు తోడికోడళ్లు ఒకే పప్పులో ఉప్పు వేసినట్టే. పప్పయితే పారబోసి మళ్లీ వండుకోవచ్చు. ఇక్కడ ఏ ఫైలు ఎక్కడుందన్న ఆచూకీలే ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. ఏళ్ల తరబడి తీసిన స్కాన్లన్నీ, ఆమెది సహా, ఎందుకూ పనికిరాని చెత్తవుతాయి. అందుకని ఒక నియమం ఉంది. అవతలి సర్వర్‌కు కరెంటు తీసేసి, అది ఆగిందని రూఢి అయ్యాకే ఇవతలిది డిస్కును ముట్టుకోవాలి. మామూలుగా ఈ పని మనుషులు చేయనక్కర్లేదు. పాత భవనంలోని ఒక కరెంటు పెట్టెకు కొత్త సర్వరే ఆజ్ఞ పంపుతుంది, అది కరెంటు తీసేసి అయిందని జవాబిస్తుంది.

ఆ రోజు తెల్లారకముందే రోడ్డు తవ్వే జేసీబీ ఒకటి రెండు భవనాల మధ్య భూమిలో వేసిన నెట్‌వర్క్ తీగను తెంపేసింది. పలకరింపులు పోయేది ఆ తీగ మీదే. కరెంటు తీసేయమని ఆజ్ఞ పోవాల్సిందీ దాని మీదే. కొత్త స్కాన్లకు రోజూ ఆ వేళకు నకలు తీసే పని కూడా దానితోపాటే ఆగింది, కాబట్టి నిన్నటి ఆమె స్కాన్‌కు ఇంకా నకలు లేదు. పాత సర్వర్ నుంచి డిస్కులకు పోయే తీగ మాత్రం స్తంభాల మీదుగా పైనుంచి పోతుంది. దానికి ఏమీ కాలేదు. కాబట్టి పాత సర్వర్ బతికే ఉండి డిస్కులను పట్టుకునే ఉండొచ్చు. ఆజ్ఞ పంపి, జవాబు రాక, మా కొత్త సర్వర్ చేతులు కట్టుకుని నిలబడిపోయింది. అందరికీ అది చెడిపోయినట్టు కనబడుతోంది. నిజానికి ఆ ఆస్పత్రిలో ఆ నిమిషాన బుద్ధిగా ఉన్నది అదొక్కటే.

ఇదంతా మేనేజర్‌కు నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన విన్నాడు, విననట్టే మాట్లాడాడు.

"గదంత సరే మేడం. నాకు తెల్సినాయన హైదరాబాద్‌ల ఉన్నడు, ఆయన్ని అడిగిన. ఏదో ఫోర్స్ అని ఉంటదట గద, గది కొడితే తెరుసుకుంటదట."

"ఉంటది సార్. కొట్ట."

"ఎందుకు కొట్టరు?"

"పాతది ఆగిందని నాకెవరు చెప్పిండ్రు?"

"పలుకుతలేదంటున్నరు గద మీరే. పలకకుంటె ఆగినట్టే గద."

ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. నా నోరు మంచిది కాదు. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటదని అవ్వ నాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది, నాకు ఊరితోనూ నోటితోనూ పడలేదు. పలకనివాళ్లందరూ చచ్చినవాళ్లయితే, ఇందాక నాతో పలక్కుండా చర్చికి నడిచిపోయింది మా అవ్వ కాదా అని అడగబోయి ఆపుకున్నాను. పాత భవనానికి మనిషిని పంపమన్నాను. వెళ్లి చేత్తో సర్వర్‌ను ఆపి, ఆగిందని చూసి, నాకు చెప్పాలన్నాను. నేనే బస్సెక్కి వద్దామంటే నిజామాబాద్ చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది. పైగా దారిపొడవునా ఫోన్ సరిగా అందదు.

ఈ మొండితనం నాకు చదువు నేర్పింది కాదు, ఇంట్లో నేర్చింది. బాపు పని చేసిన రోజుల్లో ఎల్సీ అన్నమాట మా ఇంట్లో అన్నం, నీళ్లంత మామూలు మాట. లైన్ మీద పని చేయడానికి స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి కరెంటు తీయించుకుంటాడు. దాన్నే ఎల్సీ తీసుకోవడమంటారు. పని అయ్యాక, దిగాక, ఎల్సీ తిరిగి ఇచ్చేయాలి. ఎవరు తీసుకుంటే వాళ్లే, వాళ్ల నోటితోనే ఇవ్వాలి. వాళ్ల తరఫున ఆఫీసరు చెప్పినా, ఊరి సర్పంచ్ చెప్పినా లైన్ వేయకూడదు, అంటే కరెంటు తిరిగి ఇవ్వకూడదు. మా కాక, బాపు తమ్ముడు, ఆయన కూడా లైన్ పనే చేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆయన చెరుకు తోటల మధ్య స్తంభం మీద ఉన్నప్పుడు లైన్ వేశారు. కాక దిగలేదు. అందరూ దిగారని ఎవరో చెప్పారట, సబ్‌స్టేషన్‌వాళ్లు నమ్మారట. ఆ ఎవరో ఎవరన్నది మా ఇంట్లో ఎన్నడూ మాటకు రాలేదు. ఏటా కాక జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. పాస్టర్‌గారు క్షమాపణ గురించి చెబుతుంటే నేను కళ్లు మూసుకుని ఆ పేరు తెలియని మనిషిని తిట్టుకునేదాన్ని. ఆమెన్ దగ్గర కళ్లు తెరిచేదాన్ని.

పాత భవనం ఆదివారం మూసి ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ ఆరాధనలో, ఫోన్ బంద్ చేసుకుని. మనిషిని చర్చికి పంపారు. నేను మంచం మీద కూర్చుని, తెర వంక చూస్తూ, ఫోన్ చెవికి అంటించుకుని ఉన్నాను. లైన్ మీద ఆస్పత్రి శబ్దాలు వినబడుతున్నాయి, స్ట్రెచర్ చక్రాలు, ఎవరో ఎవరినో పిలవడం. అంతలో మేనేజర్ కాకుండా వేరే గొంతు వినబడింది. మెత్తగా ఉంది, మా వైపు యాస కాదు.

"అమ్మా, మీరేనా ఆ కంప్యూటర్లు చూసేది? నేను లోపలున్నామె భర్తనండి."

మేనేజర్ పనిగట్టుకుని ఆయన చేతికి ఫోన్ ఇచ్చాడు.

"చెప్పండి," అన్నాను.

"ఏం లేదమ్మా. మీరేదో ఒకటి నొక్కితే అయిపోద్దంటున్నారు ఇక్కడ. మరి ఎందుకు నొక్కట్లేదో కనుక్కుందామని. నాకు తెలీదు కదా. మా తాతల కాలం నించీ ఈ క్యాంపులోనే ఉన్నాం, కాలువలు తెలుసు, వరి తెలుసు, ఇవేం తెలీవు. మా ఆవిడ లోపలికెళ్తా నా చేతి వాచీ చూసి ఎంతసేపు పడుద్దని అడిగింది. తొందరగానే అయిపోద్దన్నాను."

ఆయన తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. నాకు తిట్టడం వచ్చు కాబట్టి తిట్లు కాయడం కూడా వచ్చు. నేను నొక్కితే మీ ఆవిడ బొమ్మ ఎప్పటికీ దొరక్కుండా పోవచ్చని, అందుకే ఆగానని చెప్పాను.

"అంటే నొక్కకపోతే ఆలస్యం, నొక్కితే అసలుకే మోసం అంటారు."

"అవునండి."

"సరేనమ్మా. మీకు తెలిసినట్టు చెయ్యండి మరి," అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఆ మాట నా మీద పెద్ద బరువు పెట్టింది. నాకు తెలిసినట్టు చేయమన్నాడు. నాకు తెలిసింది తప్పయితే ఆమె ఆ బల్ల మీదే పోతుంది. నేను మంచం దిగి గదిలో అటూ ఇటూ తిరిగాను. కిటికీలోంచి బాపు కనబడుతున్నాడు. ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాడు, తుడిచిన రెక్కనే మళ్లీ తుడుస్తున్నాడు. నా మాటలు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి.

చివరికి తాళంచెవి దొరికింది. పాత భవనానికి వెళ్లింది మా ఆస్పత్రి ఎలక్ట్రీషియన్. నాకంటే చాలా పెద్దాయన, నన్ను చెల్లె అంటాడు, నేను అన్న అంటాను. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్‌తో కుస్తీ పట్టేది ఆయనే. ఆయన ఫోన్ రాగానే మేనేజర్‌ను కూడా లైన్‌లో కలిపాను.

"చెల్లె, అయిపోయింది. బంద్ జేసిన."

నా వేళ్లు మీటల మీదికి వెళ్లాయి.

"ఏం బంద్ జేసినవన్న?"

"మెయిన్. బిల్డింగ్ మొత్తం బంద్. లోపట చీకటే చీకటి."

"సర్వర్ ఆగిందా?"

"కరెంటే లేకుంటె ఎట్ల నడుస్తది చెల్లె?"

"ఇన్నరు గద మేడం," అన్నాడు మేనేజర్. "ఇగ కొట్టుండ్రి. డాక్టర్ సాబ్ గంట నుంచి గడియారం సూస్తున్నడు."

తెర మీద కొత్త సర్వర్ నా మాట కోసం ఎదురుచూస్తోంది. నిజంగానే నొక్కేద్దామనిపించింది. ఇంకా ఏం కావాలి నాకు? పనిమంతుడు స్వయంగా వెళ్లాడు, చేశాడు, చెప్పాడు. కానీ ఆయన ఆగిందని చెప్పలేదు. ఎలా నడుస్తుందని నన్నే అడిగాడు. బయట అరుగు మీద గుడ్డ రాసే చప్పుడు ఆగిపోయింది.

"అన్న, సర్వర్‌ను కండ్లతోని సూసినవా?"

"నేను బయటికొచ్చిన. తాళం గూడ ఏసిన."

"తాళం తియ్యి. లోపటికి పో."

"ఎందుకు? నా మాట మీద నమ్మకం లేదా?"

"పో అన్న."

గొణుక్కుంటూ వెళ్లాడు. తాళం తిరిగిన చప్పుడు, ఇనుప తలుపు కీచుమన్న చప్పుడు వినబడ్డాయి. తర్వాత చీకట్లో తడుముకుంటూ పోతున్న అడుగులు.

"చెల్లె."

"చెప్పు."

"బుగ్గలు ఎలుగుతున్నయి. పచ్చయి. గుయ్యిమని సప్పుడు గూడ వస్తుంది."

ఆయన బుగ్గలన్నది సర్వర్ మీది దీపాలను. యూపీఎస్. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, ఏం పోయినా సర్వర్ మాత్రం పోకూడదని, దానికి ప్రత్యేకంగా బ్యాటరీలు పెట్టించాం. కరెంటు పోయినా ఆగకుండా ఉండాలనే పెట్టాం. ఆ బ్యాటరీలు మోసి, తీగలు కలిపింది ఈయనే. మెయిన్ బంద్ చేస్తే ఇల్లంతా చీకటైపోయే బతుకు మనది, చీకటైతే అన్నీ ఆగినట్టేనని ఆయన అనుకున్నాడు. పాత సర్వర్ బతికే ఉంది, డిస్కులను పట్టుకునే ఉంది. నేను నొక్కి ఉంటే ఈపాటికి ఆమె బొమ్మ లేదు.

భయం నాలో ఎక్కువసేపు భయంగా ఉండదు, కోపమైపోతుంది.

"ఇన్నేండ్ల సంది కరెంటు పని జేస్తున్నవు, గింత తెల్వదా?" అని అరిచాను. "నువ్వు బెట్టిన బ్యాటరీలు నీకే యాదికి లేవా? సూడకుంటనే ఆగిందని జెప్తవా? నీ అసుంటోళ్లే మనుషుల్ని సంపుతరు."

ఆ ఊపులోనే, సర్వర్ వెనక్కి పోయి దానికి పెట్టిన కరెంటు తీగ గుంజమన్నాను.

"గుంజిన," అన్నాడు కాసేపటికి. గొంతు మారిపోయి ఉంది. "ఇంక ఎలుగుతనే ఉన్నయి."

"రెండు తీగలుంటయి. ఒకటి పోతే ఇంకొకటి ఉండాల్నని. రెండోది గూడ గుంజు."

ఈసారి ఆయన చెప్పకముందే నాకు తెలిసింది. ఫోన్‌లో ఆ సన్నని మోత సన్నగిల్లుతూ, సన్నగిల్లుతూ, పూర్తిగా ఆగిపోయింది. ఆయన ఊపిరి మాత్రం వినబడుతోంది.

"ఆగింది," అన్నాడు. "బుగ్గలు లేవు. సప్పుడు లేదు. తీగలు రెండు నా చేతులనే ఉన్నయి. కండ్లతోని సూసి చెప్తున్న."

"ఆడనే నిలబడన్న. నేను చెప్పేదాక ఎవ్వరిని పెట్టనియ్యకు."

ఇలాంటప్పుడు ఇవ్వాల్సిన ఆజ్ఞ ఒకటుంది. అవతలిది ఆగిందని నేను మనిషిగా హామీ ఇస్తున్నానని చెప్పే ఆజ్ఞ. దాన్ని కొట్టగానే యంత్రం అడిగింది, అది నిజంగా ఆగిందా, ఆగకపోతే మొత్తం పాడవుతుంది, ఖాయమేనా అని. ఔనని కొట్టాను. కొత్త సర్వర్ కదిలింది. డిస్కులను తెరిచింది, పాతది సగంలో వదిలేసిన రాతలేమైనా ఉన్నాయేమో వెతికి సరిచేసుకోవడం మొదలుపెట్టింది. ఆ కాసేపు నేను దేవుణ్ణి తలుచుకున్నాను. చర్చికి పోనిదానికి ఆ హక్కుందో లేదో నాకు తెలియదు.

"వచ్చినయి మేడం," అన్నాడు మేనేజర్. "డాక్టర్ సాబ్ తిప్పి సూస్తున్నడు. తలకాయ మొత్తం గిర్రున తిరుగుతుంది." తర్వాత ఎవరో తలుపు వేసిన చప్పుడు వినబడింది. ఫోన్ పెట్టేశాడు.

నేను మంచం మీద అలాగే వెనక్కి వాలిపోయాను.

మధ్యాహ్నం అవ్వ చర్చి నుంచి వచ్చింది. ఆస్పత్రి కబురు కోసం ఆగి ఆగి, మూడు దాటాక అన్నం ముందు కూర్చున్నప్పుడు మళ్లీ మేనేజర్ ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిపోయిందని, బుడగను మూసేశారని, ఆమె కళ్లు తెరిచి వాళ్లాయన్ను గుర్తుపట్టిందని చెప్పాడు. టైమెంతయిందని అడిగిందట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవ్వ కోపం ఎటుపోయిందో పోయింది, నా కంచంలో ఇంకో ముక్క వేసింది. నేను కథంతా మొదటి నుంచీ చెప్పాను. కొంచెం పెంచే చెప్పాను. ఎలక్ట్రీషియన్‌ను ఎలా దులిపేశానో మరీ వివరంగా చెప్పాను.

"గట్ల సూడకుంట చెప్పెటోళ్లను ఇడిసిపెట్టొద్దు అవ్వా," అన్నాను. "మన కాకను సంపింది గసుంటోడే గద."

బాపు తినడం ఆపాడు. కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు. అవ్వ ఆయన వంక చూసి, లేచి, అవసరం లేకపోయినా నీళ్ల చెంబు పట్టుకుని లోపలికి పోయింది. ఆమెకు తెలుసునని నాకప్పుడు తట్టలేదు.

"ఆయన్ని గట్ల అనకపోయేదుండె బిడ్డ," అన్నాడు బాపు.

"మరేమనాలె? అబద్ధం చెప్పిండు."

"అబద్ధం చెప్పలే. ఆగిందనే అనుకున్నడు." చెయ్యి కంచంలోంచి తీశాడు. "గప్పుడు మన చక్కెర ఫ్యాక్టరీ నడుస్తుండె. యాడ సూసినా చెరుకే, మనిషి కంటె ఎత్తు. నాది ఇవతల రోడ్డు మీద పని, మీ కాకది తోట అవతల. ఎల్సీ మీ కాక పేరు మీదనే ఉండె. పొద్దుగూకుతుంది. ఖాకీ అంగీ ఏసుకున్న మనిషి ఒకడు చెరుకుల నుంచి బయటికొచ్చి సైకిల్ దిక్కు నడుస్తుండు. మీ కాకనే అనుకున్న. పిలిసి గూడ సూడలే. సబ్‌స్టేషన్‌కు ఫోన్ జేసి తమ్ముడు దిగిండని చెప్పిన. అన్నను గద. నన్ను నమ్మిండ్రు."

ఇన్నేళ్లు కళ్లు మూసుకుని నేను తిట్టిన మనిషి ప్రతిసారీ నా పక్కనే, చాప మీద, మోకాళ్ల మీద ఉన్నాడు. నేను ఆమెన్ అంటే ఆయనా ఆమెన్ అన్నాడు. పొద్దున నేను ఫోన్‌లో అరిచిన మాట ఆయన అరుగు మీద కూర్చుని విన్నాడు. బాపు అని పిలిచాను.

"నన్ను ఎవ్వరు తిట్టలే బిడ్డ," అన్నాడు. "మీ కాకి, మొగుడు పోయినామె, ఆమె గూడ తిట్టలే. తిట్టకపోతె ఎట్లుంటదో నాకు తెల్సు. తిట్టినా ఏం లాభముండదు. నువ్వు ఆయనకు ఫోన్ జెయ్యి."

"ఏం జెప్పాలె?"

"ఏమన్న జెప్పు. ఆమె బతికిందని జెప్పు. పాపం, ఆయనకు ఎవ్వరు చెప్పి ఉండరు."

చెయ్యి కడుక్కుని ఫోన్ తీసుకుని అరుగు మీదికి వెళ్లాను. బాపు కూడా వచ్చి ఫ్యాన్ ముందు కూర్చున్నాడు. మొదటిసారి మోగగానే ఎత్తాడు ఎలక్ట్రీషియన్, ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నట్టు.

"చెల్లె, తీగలు పట్టుకొనే ఉన్న," అన్నాడు. "ఎవ్వరిని పెట్టనియ్యలే. ఇంక ఉండాల్నా?"

పొద్దున చెప్పేదాకా అక్కడే నిలబడమన్నది నేనే. చెప్పడం మరిచిపోయాను. భోజనం వేళ దాటిపోయింది, ఆ చీకటి గదిలో ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. బాపు నా మొహం చూసి ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు.

"పిల్ల వాళ్ల బాపును మాట్లాడుతున్న," అన్నాడు. "ఆమె బతికింది. నువ్వు ఇంటికి పోయి అన్నం తిను."